పీఠాధిపతిగారు

పాత కుర్చీల మోజున్న పెద్దమనిషిని గుర్తుపట్టడానికి ఆయన ఇంటిదాకా వెళ్లనక్కర్లేదు. ఎవరింటికి వచ్చినా, కూర్చోమనగానే కూర్చోడు. కుర్చీ వెనక్కి వెళ్తాడు, వేలి కణుపుతో కొట్టి చూస్తాడు, వంగి అడుగు పరికిస్తాడు, "బర్మా టేకేనా?" అని ఆరా తీస్తాడు. ఇంటాయన "ఏమోనండీ, మా మావగారిచ్చింది" అన్నాడా, ఇక ఆ పూట కబుర్లన్నీ మావగారి మీదే. ఈయన్ని పీఠాధిపతిగారు అందాం. కొండాపూర్‌లోనో మధురవాడలోనో మూడు పడగ్గదుల ఫ్లాటు, అందులో నలుగురు మనుషులు, పధ్నాలుగు కుర్చీలు. చుట్టం వస్తే మాత్రం వంటింట్లోంచి ప్లాస్టిక్ స్టూలు వస్తుంది. ఆయన మీద నా అభియోగం ఒక్కటే: కుర్చీని చెవులతో కొంటాడు, కాస్తో కూస్తో కళ్లతో కొంటాడు, నడుముతో మాత్రం కొనడు.

ముందు చెవుల సంగతి. కారైక్కుడిలో గానీ, కొచ్చి మట్టాంచేరిలో గానీ, మన జుమ్మేరాత్ బజార్‌లో గానీ కొట్టువాడు అమ్మేది కథ. కుర్చీ దానికి కొసరు. "వెంకటగిరి దివాణం సరుకండీ" అంటాడు. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం కూడా వంతులవారీగా వస్తుంటాయి. ఈ కుర్చీలన్నీ నిజంగా ఆ దివాణాలవే అయితే, మన జమీందారులు శిస్తు వసూళ్లూ కోర్టు వ్యాజ్యాలూ మానేసి పగలూ రాత్రీ కూర్చోవడమే పనిగా పెట్టుకున్నారనుకోవాలి. ఇంకో చిక్కుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం లెక్కలో కుర్చీకి నూరేళ్లు నిండితేనే పురావస్తువు. మద్రాసు రాష్ట్రంలో జమీందారీలను రద్దు చేసిన చట్టం 1948లో వచ్చింది. అంటే ఆఖరి జమీందారు ఆఖరి రోజున చేయించుకున్న కుర్చీకి ఆ యోగ్యత ఇంకా రాలేదు. నూరు నిండనిదాన్ని వింటేజ్ అంటారని పీఠాధిపతిగారికి తెలియక కాదు. కొట్లో వింటేజే కదా అని బేరమాడతారు, ఇంటికొచ్చాక యాంటిక్ అని చూపిస్తారు. లారీ ప్రయాణంలోనే దానికి ముప్ఫై ఏళ్లు పెరుగుతాయి.

పోనీ కళ్లనైనా సరిగ్గా వాడతారా? కుర్చీ వయసు పాలిష్ చెప్పదు, అడుగు చెబుతుంది. కర్ర ఎండేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువునా తగ్గేది బహు తక్కువ. ఆ అడ్డం కుదింపు కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. అందుకే తరిమెన పట్టిన గుండ్రటి కాలు ఏళ్లు గడిచాక కొద్దిగా కోలగా తేలుతుంది. రెండు వైపులా కొలిస్తే తేడా దొరుకుతుంది. ముందుకాళ్ల మధ్య అడ్డకర్ర మీద అరుగుదల ఉండాలి, అదీ మడమలు ఆనే చోటే. అన్ని వైపులా సమంగా అరిగిందంటే అది కాలం చేసిన పని కాదు, ఉప్పుకాగితం చేసింది. నెత్తిన కూడిక గుర్తుండే స్టార్ స్క్రూ వాడుకలోకి వచ్చింది 1930లలో. 1890 నాటిదని చెప్పే కుర్చీలో అది కనిపిస్తే మధ్యలో మరమ్మతైనా జరిగుండాలి, కొట్టువాడి మాటైనా బొంకయ్యుండాలి. ఇవన్నీ తెలియాలంటే కుర్చీని బోర్లా తిప్పాలి. పరాయి ఇళ్లలో అంత వంగి చూసే మనిషి, కొట్లో తన డబ్బు పెట్టేటప్పుడు తిప్పడు. తిప్పితే కథ పోతుంది, కథ పోతే ధర దిగుతుంది, ధర దిగిన సరుకు ఆయనకు ఆనదు.

ఇక నడుము. భోజనాల బల్ల ముప్ఫై అంగుళాల ఎత్తుంటుంది, దానికి కుదిరే కుర్చీ పద్ధెనిమిది. చెమ్మకు కాళ్లు పుచ్చిపోతే కొసలు కోసేసిన కుర్చీ పదహారుకు దిగుతుంది. అందులో కూర్చున్నవాడు సాంబారుకు మరీ దగ్గరి చుట్టమవుతాడు. ప్లాంటర్ కుర్చీది ఇంకో కథ. తోటలు తిరిగొచ్చిన దొర వరండాలో వెనక్కి వాలి, పొడుగాటి చేతుల మీద రెండు కాళ్లూ బారజాపుకోవడానికి చేసింది అది. దాన్ని పన్నెండడుగుల హాల్లో వేస్తే సగం హాలు దానికే సరి. పైగా వచ్చినవాళ్ల మొహానికి అరికాళ్లు చూపిస్తూ "రండి బావగారూ" అనడానికి మన ఇళ్లలో ఎవరికి నోరొస్తుంది? ఏసీ గాలికి పేము అల్లిక ఎండి పెళుసవుతుంది గనక పిల్లలు ఎక్కకూడదు, బరువైనవాళ్లు ఆనకూడదు, తడిగుడ్డ వేసిన పనిమనిషికి తిట్లు. నిజానికి ఆ అల్లికను అడుగువైపు నుంచి అప్పుడప్పుడూ తడిగుడ్డతో తుడవడమే మంచిది.

ఆయన తరఫున వాదించేవాళ్లు లేకపోలేదు. పాతది కొంటే కొత్త చెట్టు కొట్టనక్కర్లేదు, పేము అల్లేవాడికి పని దొరుకుతుంది అంటారు. ఒప్పుకుంటాను, అల్లిక బాగుచేయించిన ప్రతిసారీ ఆయనకు నా నమస్కారం. అందాన్ని వాడాలని ఎక్కడుంది, గోడమీద బొమ్మలా చూసుకోకూడదా అంటారు. అమెరికాలో షేకర్లనే మతస్థులు కుర్చీలను నిజంగానే గోడ మేకులకు తగిలించేవారు. కానీ అది నేల ఊడ్చుకోవడానికి. ఊడ్చాక దించి కూర్చునేవారు.

అపురూపం అనే వాదన ఇంకా తమాషా. ఈయన మురిసిపోయే వంపుకర్ర కుర్చీని 1859లో మిఖాయెల్ థోనెట్ ఆరు ముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లతో తయారుచేశాడు. ముప్ఫై ఆరు కుర్చీలు విడగొడితే ఒక ఘనపు మీటరు పెట్టెలో పట్టేవి. కాఫీ హోటళ్లకు చవగ్గా చేరాలనే చేశాడు, 1930 నాటికి సుమారు ఐదు కోట్లు అమ్ముడయ్యాయి.

అప్పుడు చండీగఢ్ మాట తీస్తారు. 1950లలో పియర్ జానరే అక్కడి ఆఫీసులకు రూపొందించిన టేకు కుర్చీలను విరిగితే కుప్పపోశారు, తుక్కు కింద వేలం వేశారు. అవే విదేశీ వేలాల్లో లక్షలు పలికేసరికి, 2011లో కేంద్ర హోంశాఖ వాటి అమ్మకాలు ఆపమంది. చూశారా విలువ, అంటారు. లాభపడ్డది కుప్పలో కొన్నవాడు. ఈయన ధర పెరిగాకే కొంటారు, ఒక్కటీ అమ్మరు. పైగా ఆ కుర్చీల్లో గుమాస్తాలు ఏళ్ల తరబడి కూర్చున్నారు. పీఠాధిపతిగారి ఇంటికి చేరినదాని అడ్డకర్ర మీద ఇక మడమ ఆనదు. మరో నూరేళ్లకు ఎవరైనా బుద్ధిమంతుడు దాన్ని బోర్లా తిప్పితే, వయసుకు తగ్గ అరుగుదల లేదేమిటని నకిలీగా తేల్చేసి, పక్కనున్న ప్లాస్టిక్ స్టూలుకు బేరం మొదలెడతాడు.