యుద్ధం పోస్టరుకు మన మాట: ఉల్టాగా వినిపించే సలహాలు

ఇబ్రహీంపట్నంలో పాత యుద్ధం పోస్టర్లను మార్చి రాజకీయ వ్యంగ్యం చేయాలనుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ నాలుగు మాటలు. అన్నీ తలకిందులుగా అనిపిస్తాయి. అయినా వినండి.

ముందుగా, నవ్వించాలని చూడకండి. 1914లో ఆల్‌ఫ్రెడ్ లీట్ గీసిన బ్రిటిష్ యుద్ధమంత్రి కిచెనర్ బొమ్మ తీసుకోండి. గుబురు మీసాలు, సైనిక టోపీ, మన మీదికి చాచిన చూపుడువేలు. ఎడమకు జరిగినా కుడికి జరిగినా ఆ చూపు మనల్ని వదలదు. కొన్నేళ్లకు అమెరికాలో జేమ్స్ మాంట్‌గోమరీ ఫ్లాగ్ అదే భంగిమలో తమ దేశానికి గుర్తుగా చెప్పుకునే అంకుల్ శామ్‌ను గీశాడు. మోడల్‌ను పెట్టుకోకుండా తన మొహాన్నే చూసి గీసుకున్నాడు. ఆ పోస్టరు 40 లక్షలకు పైగా అచ్చయింది. ఇంటి పట్టున ఉన్న కుర్రాడిని నిలబెట్టి సైన్యంలోకి రమ్మని అడిగే బలం ఆ వేలిది. మీరు దాన్ని వంకర తిప్పి, ముక్కు సాగదీస్తే ఆ బలమంతా పోతుంది. బొమ్మ జోలికి పోకండి, కింద మాట మార్చండి చాలు. మన పక్కనే యాచారం మండలంలో ఫార్మాసిటీకి భూములిచ్చేది లేదన్న రైతులు కోర్టుకెక్కారు. ఆ వేలి కింద 'నీ పొలం కావాలి' అని రాసి మేడిపల్లిలోనో కుర్మిద్దలోనో అతికించండి. ఒక్కరూ నవ్వరు, కడుపు మండుతుంది. మండాలి కూడా.

నాయకుడి మొహం అసలు పెట్టకండి. 2022 జులైలో హైదరాబాద్‌లో బీజేపీ జాతీయ కార్యవర్గ సమావేశాలప్పుడు, మన సాగర్ రోడ్డు మొదలయ్యే ఎల్బీనగర్‌లోనే 'మనీ హైస్ట్' సిరీస్‌లోని దొంగల వేషాల హోర్డింగు వెలిసింది. 2023 మార్చిలో అమిత్ షా వచ్చినప్పుడు నిర్మా సబ్బుపొడి ప్రకటనలోని పాప ఒంటికి పార్టీ మారిన నాయకుల తలలు అతికించారు. జనం బాగానే చెప్పుకున్నారు. కానీ మొహం కనిపించగానే ఒక పార్టీవాళ్లు చప్పట్లు కొడతారు, ఇంకో పార్టీవాళ్లు చింపేస్తారు. పోస్టరు అడిగిన ప్రశ్న ఎవరికీ పట్టదు. మొహం లేకపోతే ఆ ప్రశ్న అన్ని పార్టీలకూ తగులుతుంది.

ఫ్లెక్సీ వద్దు. రెండు మూడు రంగుల్లో కాగితం మీద కొట్టించండి, పాత పోస్టర్ల బిగువు అందులోనే వస్తుంది. 1939 నాటి బ్రిటిష్ 'కీప్ కామ్' పోస్టరును మాత్రం వదిలేయండి. కప్పుల మీద, టీషర్టుల మీద అరిగిపోయి దానికిప్పుడు పదును లేదు.

చివరిది, అందరూ వద్దనేది: పేరు దాచకండి. ఎన్నికల పోస్టరు మీద అచ్చువేసినవారి, వేయించినవారి పేరూ చిరునామా లేకపోతే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అటుంచినా, మనం అవతలివాళ్ల అబద్ధాన్ని ఎత్తిచూపుతున్నాం, మన దగ్గర అబద్ధం ఉండకూడదు. అమెరికాలో మైకా రైట్ యుద్ధం పోస్టర్లను మార్చి 2003లో మంచి పుస్తకం తెచ్చాడు. తాను సైన్యంలో రేంజర్‌గా పనిచేశానని చెప్పుకున్నాడు. అది అబద్ధమని 2004లో తానే ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ పోస్టర్లు అన్న మాటకు విలువ అక్కడే తగ్గింది.

కాబట్టి మీ పేరు రాయండి, మైదా జిగురు కలుపుకోండి, గోడ ఎవరిదో వాళ్లనడిగి అతికించండి.