ఎర్రదీపానికో అర్జీ
కాలనీ కూడలికి సిగ్నల్ కావాలని సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇచ్చుకున్నారు జనం. ‘చోటు ఖరారు చేయాల్సింది ట్రాఫిక్ పోలీసులు’ అన్నారు కార్పొరేషన్‌వారు. ‘డబ్బు పెట్టాల్సింది కార్పొరేషన్’ అన్నారు పోలీసులు. ఇద్దరూ నిజమే చెప్పారు, అదే చిక్కు! ఈలోగా ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని ఫోన్‌కు సందేశం. పక్క శాఖకు తోసేయడమూ పరిష్కారమేనట. మంత్రిగారి కాన్వాయ్ వచ్చిన రోజు మాత్రం అదే కూడలిలో నలుగురు కానిస్టేబుళ్లు మొలిచారు, అర్జీ లేకుండానే. ఎట్టకేలకు స్తంభం పాతారు. కరెంటింకా రాలేదు గానీ, ‘సిగ్నల్ సాధించిన ప్రియతమ నేతకు కృతజ్ఞతలు’ ఫ్లెక్సీ కట్టడానికి భేషుగ్గా పనికొస్తోంది. దాని చాటున ఎదురొచ్చే బండి కనబడక, ఇప్పుడు ఫ్లెక్సీ తీయించమని కొత్త అర్జీ రాస్తున్నారు.