పురుగుకు వచ్చిన బుద్ధి

కౌతాళం, ఆదోని వైపు పత్తి రైతుకు సీక్వెల్ అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. 2002లో బోల్‌గార్డ్ పత్తి విత్తనం వచ్చింది, 2006లో బోల్‌గార్డ్-2 దిగింది. గులాబీ రంగు పురుగు మొదటి భాగాన్నీ రెండో భాగాన్నీ వరసగా నమిలి అరిగించుకుంది. పురుగుకైనా నిరోధకత వచ్చింది గానీ, వీడియో గేములు కొనేవాడికి మాత్రం ఇంకా రావడంలేదు. పైగా విత్తనం కంపెనీ రెండో భాగంలో ఇంకో జన్యువైనా కలిపింది. గేముల కంపెనీలకు ఆ మాత్రం ఖర్చు కూడా దండగే.

నమ్మరా? ఈఏ అనే గేముల కంపెనీ నింటెండో స్విచ్ కోసం ‘ఫిఫా 20 లెగసీ ఎడిషన్’ అనే ఫుట్‌బాల్ గేము అమ్మింది. ఆట పాతదే; జట్లూ జెర్సీలూ మాత్రం ఆ ఏడాదివి. మరుసటేడు ‘ఫిఫా 21’ అంటూ మళ్లీ అదే పని. ఐజీఎన్ అనే గేముల వెబ్‌సైట్ సమీక్షకులకు ఒళ్లు మండి, ఫిఫా 20కి రాసిన సమీక్షనే తీసి మళ్లీ పెట్టి, పదికి రెండు మార్కులేశారు. పాత సరుకుకు పాత సమీక్ష! ఇంత న్యాయమైన బేరం ఏ మార్కెట్ యార్డులోనూ చూడం. తర్వాత ఫుట్‌బాల్ సంస్థ ఫిఫాతో ఈఏకు తెగతెంపులయ్యాయి. 2023లో కొత్త పేరుతో, కొత్త సిరీస్‌గా ‘ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24’ వచ్చింది. మొదటి భాగానికే 24వ నంబరు. మిగతా ఇరవై మూడూ ఎక్కడని అడక్కండి.

కాల్ ఆఫ్ డ్యూటీ అనే గేముకు 2005 నుంచి ఏటా కొత్త భాగం రావడం ఒక్క ఏడాదీ తప్పలేదు. జీటీఏ-5 దారి వేరు. 2013లో ప్లేస్టేషన్ 3 (పీఎస్3) మీద ఆ ఆట కొన్నవాడి చేతే 2014లో పీఎస్4 మీద, 2022లో పీఎస్5 మీద కొనిపించారు. సీక్వెల్ తీయడానికి కూడా బద్ధకించిన సీక్వెల్ అది.

కంపెనీ పెద్దల్ని అడిగితే, ‘కోట్లు పెట్టి కొత్తది తీస్తే మునిగిపోమా? జనం అడిగేదే ఇస్తున్నాం’ అని సన్నాయి నొక్కులు నొక్కుతారు. మైన్‌క్రాఫ్ట్ కావాలని స్వీడన్‌కు ఏ జనం అర్జీ పెట్టుకున్నారు? ఒకాయన సరదాగా మొదలుపెట్టాడు, 2023కల్లా 30 కోట్ల కాపీలు దాటింది. మన ఎమ్మిగనూరు కుర్రాళ్లు నిద్ర మాని ఆడిన పబ్జీ అయినా 2017లో కొత్తగా వచ్చిందే. అంతెందుకు, 1997లో జీటీఏ పుట్టినప్పుడు దాని పక్కన ఏ అంకే లేదు. అప్పుడెవరో తెగించి సంపాదించిపెట్టారు, ఇప్పుడు వీళ్లు కూర్చుని తింటున్నారు. అలా తింటూనే తెగించడం ఎంత ప్రమాదమో మనకు పాఠం చెబుతున్నారు.

ఆ ఈఏకి హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసే ఉంది. అదే ఊళ్లో ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న బృందం 2017లో ‘అసుర’ అనే ఆట తీసింది, ఏ పాత బ్రాండు తోకా పట్టుకోకుండా. రేపెప్పుడైనా ఓ పెద్ద కంపెనీ వాళ్లను పిలిచి కుర్చీ వేసి కాఫీ ఇచ్చిందనుకోండి, మొదట అడిగేది ఒకటే: ‘అసుర-2 ఎప్పుడు?’