విద్వాన్ ఇసుక సంచి గారి కచేరీ

జర్మనీలోని హాల్బర్‌స్టాట్‌లో, ఒకప్పుడు పందుల కొట్టంగా వాడిన సెయింట్ బుర్కార్డి చర్చిలో, విద్వాన్ ఇసుక సంచి గారి ఆర్గన్ కచేరీ జరుగుతోంది. 2001 సెప్టెంబరు 5న మొదలైంది, మంగళం 2640లో. మధ్యలో విరామం ఉండదేమోనని బెంగపడకండి, మొదలే విరామంతో పెట్టారు! తొలి స్వరాలు 2003 ఫిబ్రవరిలో గానీ పలకలేదు. అప్పటిదాకా తిత్తుల గాలే గానం.

పాపం, ఈ కృతి కట్టిన స్వరకర్త జాన్ కేజ్‌ని అనకండి. 1987లో ఆర్గన్‌కు మలిచిన దీన్ని వీలైనంత నెమ్మదిగా వాయించమన్నాడే తప్ప ఎంతసేపో చెప్పలేదు. తొలిసారి వాయించినాయన అరగంటలోపే ముగించాడు. 1992లో కేజ్ కన్నుమూశాక పెద్దలు లెక్క కట్టారు: ఆ ఊళ్లో పాత ఆర్గన్ పెట్టింది 1361లో, 2000లోంచి అది తీసేస్తే 639, కనుక కచేరీ 639 ఏళ్లు. ముహూర్తాలు పెట్టే మన పంతుళ్లకు కూడా ఇంత తెగువ లేదు.

వాయిద్య విధానం సులభం. కావలసిన మెట్టు కిందికి దిగి ఉండేలా ఇసుక సంచి బరువు వేస్తారు, గాలి సంగతి యంత్రం చూసుకుంటుంది. విద్వాంసుడు పారితోషికం అడగడు, అపస్వరం పలకడు, కాఫీకి లేవడు. మన సన్నాయి మేళంలో వెనక కూర్చుని బుగ్గలు నొప్పెట్టేలా శ్రుతి ఊదే మనిషికి పెళ్లి ఫొటోలో సగం మొహమైనా దక్కదు. ఈ సంచి ఫొటో మాత్రం దేశదేశాల పత్రికల్లో పడింది.

అసలు తమాషా శ్రోతలది. 2013 అక్టోబరులో పట్టిన స్వరం 2020 సెప్టెంబరు దాకా కదల్లేదు. కదలని నాదంలో లీనమై కాలాన్ని మరిచిపోవాలని ఉపన్యాసాలిస్తారు గదా, మరి జనం విరగబడేది ఎప్పుడు? స్వరం మారే రోజున! కెమెరాలు పట్టుకుని, తేదీ చూసుకుని మరీ వస్తారు. నిలకడే పరమార్థమైన సంగీతానికి నిలకడ చెడిన రోజే తిరునాళ్లు. మారడం అయిపోగానే చర్చి ఖాళీ, సంచి గారు ఏకాంత సేవలో.

ముగింపు కచేరీకి టికెట్లు కూడా అమ్ముతున్నారు, ధర 2640 యూరోలు. వారసులకు రాసివ్వొచ్చట. కొనదలచినవారు వీలునామాలో ఇంకో వాక్యం కూడా చేర్చుకోండి: సీటు ముందు వరుసలో కావాలని.