వీధి చివర శ్రీను

పదకొండేళ్లుగా హైదరాబాదులో చిప్ డిజైన్ చేస్తున్నాను. మా టూల్స్ అన్నీ టీసీఎల్ మాటే వింటాయి. పలకడం మాత్రం 'టికిల్' అంటాం. 1988లో బర్కిలీలో జాన్ ఆస్టర్‌హౌట్ మొదలుపెట్టిన ఆ భాష నాకు కొట్టిన పిండి అని చెప్పుకు తిరిగేవాణ్ణి.

ఎనిమిది బ్లాకులకు టైమింగ్ రిపోర్టులు తీయాలి. టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి లూపు రాసింది. లెక్క సున్నా నుంచి, 'ఐ' అనే వేరియబుల్‌లో. లూపు చివర నా ఫైలును సోర్స్ చేయమన్నాను. ఆ ఫైల్లో దర్జాగా ఒక నేమ్‌స్పేస్ తెరిచి, లోపల 'సెట్ ఐ 0' అని రాసుకున్నాను. నా ఇల్లు, నా ఐ. ఎవరికేం నష్టం?

రాత్రి రన్ పెట్టి ఇంటికెళ్లాను. పొద్దున లాగ్ చూస్తే మొదటి బ్లాకు ఒక్కసారి, ఆపైన తెల్లవార్లూ రెండో బ్లాకే. మిగతా ఆరింటి ఊసే లేదు.

"ఏమ్మా, లూపు రాయడం కూడా రాదా?" అన్నాను, నలుగురూ వింటుండగా. తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. గంట తర్వాత ఆ అమ్మాయి నెమ్మదిగా వచ్చి, "సార్, మీ ఫైలు తీసేస్తే ఎనిమిదీ వస్తున్నాయి" అంది.

నేమ్‌స్పేస్‌లో ఉత్త 'సెట్' అంటే టికిల్ ముందు ఆ ఇంట్లో వెతుకుతుంది. అక్కడ లేకపోతే వీధిలోకి, అంటే గ్లోబల్‌లోకి పోతుంది. ఇంట్లో శ్రీను అనేవాడే లేనప్పుడు గుమ్మంలో నిలబడి "శ్రీనూ" అని కేకేస్తే వీధి చివర కిరాణా కొట్టు శ్రీను పరిగెత్తుకొస్తాడు కదా, అలాగ. వచ్చినవాడి చేతిలో గుండుసున్నా పెట్టాను. లూపు దాన్ని ఒకటి చేస్తుంది, నేను మళ్లీ సున్నా చేస్తాను.

'వేరియబుల్ ఐ 0' అని ఉంటే ఐ మా ఇంట్లోనే పుట్టేది. ఇది తెలిశాకైనా కుదురుగా ఉన్నానా? పనిలో పనిగా రెండు పేర్లూ ప్రకటిద్దామని 'వేరియబుల్ ఐ టోటల్' అని రాశాను. ఆ కమాండ్ పేరు, విలువ, పేరు, విలువ అని జతలుగా చదువుకుంటుంది. నా ఐలో 'టోటల్' అనే మాట కూర్చుంది. దానికి ఒకటి కలపబోతే, అంకె అడిగితే ఇదేమిటని ఎర్రర్.

తిట్టింది నలుగురిలో. క్షమించమన్నది క్యాంటీన్‌లో, పక్కన ఎవరూ లేనప్పుడు. ఆమె నవ్వి టీ తాగింది.

2024లో వచ్చిన టికిల్ 9.0లో ఈ వీధి వెతుకులాట తీసేశారు. అది చదవగానే "చూశావా, తప్పు భాషదే" అని ఆమెకు మెసేజ్ పెట్టబోయి ఆగాను. మా టూల్‌లో నడిచేది 8.6.