ఉలవల మీద స్విఫ్టు

మా అనంతపురంలో కారు కొంటానని నోరు జారితే చాలు, బ్యాంకువాళ్ళ కంటే ముందు బంధువులు దిగుతారు. అప్పివ్వడానికి కాదు, సలహా ఇవ్వడానికి. అందరూ మొదట అడిగేది ఒకటే: "ఎంతిస్తాది?" పాడి ఆవును బేరం చేసేటప్పుడూ ఇదే అడుగుతారు. ఆవు దగ్గర పూటకు ఎన్ని లీటర్లని, కారు దగ్గర లీటరుకు ఎన్ని కిలోమీటర్లని, అంతే తేడా. రెండో ప్రశ్న, "ఎంతమంది పడతారు?" మూడోది, "మళ్ళీ అమ్మితే ఎంతొస్తాది?" నేనింకా కొననే లేదు, వాళ్ళు అప్పుడే అమ్మేశారు.

"నడుపుతుంటే ఎట్లుంటాది?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆ మాట నేనే ఎత్తాను. రోజూ బత్తలపల్లి మీదుగా ధర్మవరం పోయి పాఠాలు చెప్పి రావాలి. ఎట్లాగూ పోక తప్పదు కాబట్టి నడపడానికి సరదాగా ఉండే బండిలో పోతానన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా మామ గొంతు సవరించుకుని, "సరదా కావల్లంటే సినిమాకు పో అల్లుడూ. కారంటే కుదురుగా ఉండల్ల," అన్నాడు. మా ఆవిడ వాళ్ళ నాన్న పక్షమే. "సరదాగా నడపల్లంటే ఇంట్లో స్కూటరుంది కదా నాయనా, రోజూ మార్కెట్టుకు పోయి కూరగాయలు తెమ్మను," అంది.

మామ మనసులో ఉన్నది సెల్టోస్. అందులో ఆయన తప్పేమీ లేదు. మా వాకిట్లోనే పుట్టిన బండి అది. 2017లో కియా కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాల్లో ఫ్యాక్టరీ కట్టింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ అందులోంచి బయటికొచ్చింది. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడాక విజయనగరం వాళ్ళు సర్దుకుని వచ్చింది ఈ పెనుకొండకే. ఆ తర్వాత అంత హడావిడిగా అక్కడికి వచ్చినవాళ్ళు కొరియావాళ్ళే. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పెనుకొండ శ్రీసత్యసాయి జిల్లాకు పోయింది గానీ, మామ ఆ జీవోను ఇంకా ఆమోదించలేదు. "మన నీళ్ళు తాగి పెరిగిన బండిరా," అంటాడు. ఫ్యాక్టరీకి నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయరువి. ఆ రిజర్వాయరులోకి వచ్చేవి శ్రీశైలం వెనక నుంచి హంద్రీ-నీవా కాలువలో ఎత్తిపోసుకుంటూ తెచ్చిన కృష్ణ నీళ్ళు. 'మన నీళ్ళు' అనే మాట మేం ధైర్యంగా అనగలిగేది బోరు పడినప్పుడే, అదీ పడితే.

అదే 2019లో టాటా సుమో తయారీ ఆగిపోయింది. సీమ అంటే సుమో అని 'సమరసింహారెడ్డి' తర్వాత వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలన్నీ కలిసి లోకాన్ని నమ్మించాయి. మేం మాత్రం ఆ సుమోల్లోనే పెళ్ళిళ్ళకూ తిరుమలకూ పోయొచ్చాం. ఒక్కటీ గాల్లోకి లేవలేదు. కానీ ఎత్తుగా కూర్చుని కిందికి చూస్తూ పోయే అలవాటు మాత్రం మిగిలిపోయింది. అందుకే మా దగ్గర కారంటే ముందు ఎత్తు.

మామ మాట కాదనలేక ఎత్తు కార్లన్నీ చూసొచ్చాను. ఒక షోరూములో కుర్రాడు వైపర్ల దగ్గర ఆగి, "సార్, ఇవి వానను పసిగట్టి వాటంతట అవే తిరుగుతాయి. చినుకు పడితే చాలు," అన్నాడు.

"ఎక్కడ?" అన్నాను.

వాడు నవ్వలేదు. కోస్తా నుంచి వచ్చినట్లున్నాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ, అదీ మనసైతేనే, వాన కురిసే జిల్లా మాది. దేశంలో జైసల్మేరు తర్వాత మాదేనని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఇక్కడ ఆ వైపర్లది పని లేకుండా జీతం తీసుకునే ఉద్యోగం. తర్వాత వాడు నెత్తిమీది అద్దం తెరిచి చూపించాడు. చెట్టు నీడ ఎంత దూరంలో ఉన్నా అక్కడే బండి పెట్టి నడిచొచ్చే ఊళ్ళో, సూర్యుణ్ణి లోపలికి పిలవడానికి అదనంగా డబ్బులు కట్టమన్నాడు. సీట్లోంచి చల్లగాలి తోలే ఏర్పాటు మాత్రం ఎవరో మే నెలలో మా ఊరొచ్చి కనిపెట్టినట్లుంది, దాన్ని నేనేమీ అనను.

టెస్ట్ డ్రైవు అంటే హైవే ఎక్కడం, యూటర్ను తీసుకోవడం, తిరిగి రావడం. మధ్యలో మలుపే లేదు. దారంతా వాడు ఏసీ చల్లదనం, పాటల మోత పరీక్ష చేయించాడు. స్టీరింగు పడిపోకుండా పట్టుకోవడం తప్ప నాకు పనే లేకపోయింది.

నాకు పనికొచ్చిన మాట చెప్పింది మా వీధి చివర ఉండే రిటైరైన ఆర్టీసీ డ్రైవరన్న. కదిరి బస్సు నడిపినవాడు. ఆయన మైలేజీ అడగలేదు. "బండి యెట్ల పోతాందో సీటు చెప్పల్ల సార్, మీటరు చూసి తెలుసుకునేది కాదు," అన్నాడు. మలుపు రాకముందే బ్రేకు పని, గేరు పని పూర్తి చేసుకోవాలట. మలుపులో దిగాక బ్రేకు తొక్కడం కొత్తోళ్ళ పని. ఎట్ల నేర్చుకున్నావన్నా అంటే, "కండక్టరును చూసి," అన్నాడు. ఆయన మలుపు తిప్పుతున్నప్పుడు నిలబడి టికెట్లు కొట్టే కండక్టరు చేతిలో చిల్లర కింద పడకూడదు. పడితే డిపో దాకా ఆ తిట్లు ఈయనకే.

డ్రైవింగు సరదా అంటే వేగమని మా మామ అనుకుంటాడు, మా అబ్బాయీ అదే అనుకుంటాడు. వాళ్ళిద్దరూ ఏకీభవించిన విషయం ఇదొక్కటే, అదీ తప్పు. ఆ సెల్టోస్ 1.4 టర్బో పెట్రోలుకు 140 హార్స్‌పవర్. నా మనసులో ఉన్న, 2018లో వచ్చిన స్విఫ్టుకు 83. మామ దృష్టిలో పంచాయితీ ఇక్కడితో సరి. కానీ స్విఫ్టు పెట్రోలు బండి బరువు 880 కిలోలు దాటదు. తేలిక బండి ఎక్సలేటరు తొక్కిన వెంటనే కదులుతుంది, బ్రేకు తొక్కిన వెంటనే తగ్గుతుంది, తిప్పిన వైపుకు పక్కకు ఒరగకుండా తిరుగుతుంది. ఎత్తు బండిలో నువ్వు ముందు తిరుగుతావు, నీ పైభాగం కాసేపయ్యాక వచ్చి కలుస్తుంది. పైగా నాలుగు వరసల హైవే మీద కారుకు గంటకు 100 కిలోమీటర్లే చట్టం. మా ధర్మవరం దారిలో గొర్రెలు, ఆటోలు, ట్రాక్టర్లు పోను మిగిలేది 60. ఆ 60లో 140 గుర్రాలు కొట్టంలో గడ్డి తింటూ నిలబడి ఉంటాయి. 83 గుర్రాలవాడు మూడో గేరులో ఉన్నవన్నీ బయటికి తోలుకుంటాడు. పెద్ద ఇంజనును నెమ్మదిగా నడపడం కంటే చిన్న ఇంజనును నిండుగా నడపడంలోనే రుచి ఉందని నా గట్టి నమ్మకం. దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను, మా ఆవిడతో తప్ప.

కింద గ్యాపు సంగతీ మామ వదల్లేదు. సెల్టోస్‌కు 190 మిల్లీమీటర్లు, స్విఫ్టుకు 163. ఆ తేడా రెండు వేళ్ళ మందం. పల్లెల్లో స్పీడు బ్రేకర్లు కట్టేవాళ్ళు ఆ రెండు వేళ్ళ కోసమే మేస్త్రీని పెట్టుకుంటారేమో అనిపిస్తుంది అప్పుడప్పుడు. భద్రత విషయంలో మాత్రం ఆయన పట్టు సరైనదే. 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గుద్ది చూసినప్పుడు స్విఫ్టుకు 2 స్టార్లే వచ్చాయి. 2020లో సెల్టోస్‌కూ 3కు మించి రాలేదని నేను అనేసరికి మామ టీ చల్లారిపోయిందని లోపలికి పోయాడు. తేలిక కారు ఎంచుకున్నవాడు ఆ సంగతి తెలిసి ఎంచుకోవాలి, బెల్టు పెట్టుకోవాలి, 60ని 60గానే ఉంచాలి.

చివరికి కొన్నది వాడిన స్విఫ్టే. 2018 పెట్రోలు, గేర్లు చేత్తో వేసుకునేది, నంబరు ఏపీ 02. ఈ చివరి గుణం ధర పట్టీలో ఉండదు. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వచ్చాక, మా జిల్లా నంబరున్న బండి ఎక్కడ కనిపించినా మావాళ్ళు హారను కొట్టి పలకరిస్తారు. హైదరాబాదులో అయితే ఆపి ఊరడుగుతారు.

దారిలో ఒక చెరువు కట్ట ఉంది. చెరువులో నీళ్ళు లేవు, కంపచెట్లున్నాయి. రోడ్డు కట్ట పక్కనే పోయి ఎడమకు తిరిగి, వెంటనే కుడికి తిరుగుతుంది. కట్టకు ముందే బ్రేకు, నాలుగు నుంచి మూడుకు గేరు, ఎక్సలేటరు మీద కాలు తేలిగ్గా. స్టీరింగు తిప్పగానే ముందు చక్రాలు కంకర పొడిని తొక్కిన గరగర అరచేతికి తెలుస్తుంది. బండి ఎడమకు సర్దుకుని, కుడికి మళ్ళేటప్పుడు నడుము దగ్గర చిన్నగా ఊగుతుంది. అంతే, ఊపిరి బిగబట్టి వదిలినంత సేపు. పక్క సీట్లో పెట్టిన క్యారియరులో చారు ఒలకకపోతే ఆ రోజు నేను పాసు. ఒలికితే మధ్యాహ్నం స్టాఫ్ రూములో అందరికీ తెలుస్తుంది, చొక్కా చెబుతుంది.

చలికాలం వస్తే ఆ దారి కళ్ళం అవుతుంది. ఉలవ కట్టె, కంది కట్టె రోడ్డు మీద పరిచి, పోయే బండ్ల చక్రాలతో నూర్పిడి చేయించుకుంటారు. నూర్పిడి మిషను బాడుగ మిగులుతుందని వాళ్ళ లెక్క. ఎండిన కట్టె బండి కింద వేడి సైలెన్సరుకు చుట్టుకుంటే నిప్పంటుకోవచ్చు, అది నా భయం. ఒకరోజు ఊరి మొదట్లో రోడ్డు నిండా ఉలవలు. పక్క నుంచి పోదామని నేను బండి నెమ్మది చేస్తే, చీపురు పట్టుకున్న ఒక పెద్దమ్మ చెయ్యి ఊపింది.

"మీద్నే పో నాయనా, ఏంటికి పక్కకు పోతావు?"

మంటల సంగతి చెప్పాను. "నిదానంగా పో, ఏం కాదు," అంది. పోయాను. పటపటమని కాయలు పగిలాయి. నా చక్రాల కింద అంత మంచి చప్పుడు అంతవరకు వినలేదు. బాగా నూర్చాననుకుని అవతల ఆపి, కింద ఏమైనా చుట్టుకుందేమోనని వంగి చూస్తున్నాను. ఆమె కట్టెను కాలితో కదిపి, గింజలు చూసి, పెదవి విరిచింది.

"నీ కారు శానా తేలిక నాయనా. గింజ సగం రాలలే. ఎనకాల లారీ ఏమన్నా వస్తాందా?"

880 కిలోల గురించి అన్ని నెలలు ఇంట్లో వాదించి గెలిచినవాణ్ణి, ఒక్క మాటతో కొట్టేసింది. ఇంటికొచ్చి ఈ ముచ్చట చెబితే మామ మొదటిసారి నా కారు గురించి సంతోషంగా మాట్లాడాడు. వీధంతా తిరిగి చెప్పాడు.

వేసవిలో చిన్న ఇంజనుకు ఇంకో పరీక్ష. 42 డిగ్రీల్లో ఏసీ లేకుండా నడపలేం, ఏసీ వేస్తే ఎత్తు మీద లారీని దాటడానికి ముందుగానే రెండో గేరులో ఇంజనును బాగా అరిపించాలి. ఆ అరుపు నాకు ఇష్టం, మా ఆవిడకు కాదు. అందుకే హార్స్‌లీ హిల్స్‌కు పోయినప్పుడు కొండ మొదట్లోనే ఏసీ ఆపి అద్దాలు దించాను. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడింది, మలుపులు మెలి తిరిగాయి, రెండు-మూడు-రెండు గేర్లతో చేతికి తీరికే లేదు. పైకెక్కేదాకా ఆవిడ ఒక్క మాటా అనలేదు, తలుపు పైనున్న పిడి పట్టుకోలేదు. దిగేటప్పుడు ఇంజను బ్రేకు మీదే రెండో గేరులో దిగాను, అప్పుడూ అనలేదు. ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏ పత్రికవాడూ ఏ కారుకూ ఇవ్వలేదు.

మీరూ కారు కొనే ఆలోచనలో ఉంటే హైవే మీద యూటర్ను తీసుకుని వచ్చే టెస్ట్ డ్రైవుకు ఒప్పుకోకండి. రోజూ మీరు పోయే దారిలోనే, ఏసీ వేసి, ఇంట్లో వాళ్ళను వెనక కూర్చోబెట్టి, మూడో గేరులో మీకు తెలిసిన ఒక మలుపు తిప్పి చూడండి. షోరూమువాళ్ళు కుదరదంటే షోరూము మార్చండి. మైలేజీ ఎంతో తర్వాత మీ బంధువులే చెబుతారు.