పల్లం ఎటండీ?

నీరు పల్లమెరుగు అన్న పెద్దాయన ఎవరో గానీ, కోనసీమలో వానాకాలం సార్వా వరి చేసి ఉండడు. కోతకొచ్చిన చేను నీళ్లలో పడిపోయి, వెన్నులోనే గింజ మొలకెత్తడం ఒక్కసారి చూసుంటే, సామెత చివర ‘డ్రెయిన్ పూడకపోతే’ అని షరతు తగిలించేవాడు.

గోదారమ్మ త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు ఎవరి సంతకమూ అడక్కుండా నడుస్తుంది. ధవళేశ్వరంలో కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టించి ఆ నీటిని కాలువలకెక్కించాడు. పి.గన్నవరం దగ్గరైతే వైనతేయ పాయ నెత్తి మీదుగా అక్విడెక్టు దాటి మరీ రాజోలు చేలకొస్తుంది. ఏటి మీద ఏటినీళ్లు నడిపించిన గడ్డ ఇది! అవే నీళ్లు చేలోంచి సముద్రానికి పోవాలంటే మాత్రం దారి లేదు. కౌశిక డ్రెయిన్ చూడండి. గుర్రపుడెక్క ఊదాపూలు పూసి ఎంత దట్టంగా అల్లుకుంటుందంటే, నీటికోడి కాలు తడవకుండా అవతలి గట్టుకు పోతుంది. శంకుస్థాపన లేకుండా పూర్తయిన వంతెన అదొక్కటే.

సముద్రం పోటు మీదుంటే మురుగు దిగదు, పాటు దాకా ఆగాలంటారు. నిజమే. పాటు రోజుకి రెండుసార్లు వస్తుంది. పూడికతీతకి మాత్రం సరిగ్గా తొలకరి ముందే ముహూర్తం కుదురుతుంది. తీసిన మట్టి గట్టు మీదే పోస్తారు, మొదటి వానకి అది జారి మళ్లీ డ్రెయిన్లోకే దిగుతుంది. జలచక్రమంటే ఇదేనండీ. ఆవిరి, మేఘం, వాన అని బళ్లో చెప్పింది పాత సిలబస్సు. ఇప్పుడు పని ఆవిరవుతుంది, బిల్లు మేఘమవుతుంది, వాన ఎవరి పెరట్లోనో కురుస్తుంది.

2011లో రైతులు విసిగి సార్వాకే సెలవు పెట్టారు. గిట్టుబాటు ధర లేదన్న కోపంతో పాటు ఈ ముంపు బాధా అందులో ఉంది. కారణాలు చూడ్డానికి మోహన్ కందా కమిటీ వచ్చింది, నివేదికా వచ్చింది. 2022లో మళ్లీ సెలవు మాట వినబడింది.

లోపలి నీళ్లు బయటికి పోకపోతే బయటివి ఊరుకుంటాయా? పోటుకి ఉప్పునీరు శంకరగుప్తం డ్రెయిన్ పట్టుకుని ఎదురెక్కింది. కేశనపల్లి తోటల్లో కొబ్బరిచెట్లు మొవ్వు రాలి, తలల్లేని మొండాలై నిలబడ్డాయి. పరామర్శకి పెద్దలూ వచ్చారు, ఫొటోలూ దిగారు.

ఈసారి వినతిపత్రం నేరుగా సముద్రానికే ఇద్దామని మావాళ్లు తీర్మానించారు. అదైతే వస్తానన్న వేళకి వస్తుంది, పోతానన్న వేళకి పోతుంది. ఆయ్!